లాల్‌బాగ్‌లో వాలంటీర్ గైడ్‌గా చేయాలనుకునే తెలుగువాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో తెలుగు కుటుంబాలకు తోట చూపించడం నాకు ఇష్టమైన పని. ఎవరైనా ఒకసారి వచ్చి నడిచారంటే, ఆ తర్వాత వాళ్లలో ఒకరిద్దరు పక్కకొచ్చి ‘ఇది మేమూ చేయొచ్చా?’ అని అడుగుతారు. అలా అడిగినవాళ్లకు చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను. లాల్‌బాగ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినా, కబ్బన్ పార్కుకూ మీ వీధి చివరి పార్కుకూ చాలావరకు పనికొస్తాయి.

వాలంటీర్ గైడ్ అంటే ఏం చేయాలి?

తోట చూడటానికి వచ్చినవాళ్లతో గంటన్నర, రెండు గంటలు కలిసి నడవాలి. వాళ్లు మామూలుగా దాటిపోయే చోట ఆగేలా చేయాలి. లాల్‌బాగ్ 240 ఎకరాల తోట. వచ్చినవాళ్లలో ఎక్కువమంది గ్లాస్‌హౌస్ ముందు ఫొటో దిగి, రాతిగుట్ట ఎక్కి దిగి, చెరువు గట్టున కాసేపు కూర్చుని వెళ్లిపోతారు. వందేళ్లు దాటిన చెట్ల కింద నుంచే నడుస్తారు గానీ తలెత్తి చూడరు. తలెత్తించడం మన పని. మీరు చెప్పిన సంవత్సరాలూ పేర్లూ సాయంత్రానికి మరిచిపోతారు. వేలితో తడిమి చూసిన బెరడును, వాసన చూసిన ఆకును మాత్రం మరిచిపోరు. అందుకే గైడ్ ఎంత మాట్లాడాడన్నది నేను లెక్కలోకి తీసుకోను. వచ్చినవాళ్లు ఎన్నిసార్లు తమంతట తాము ఆగి ‘ఇదేంటండీ?’ అని అడిగారో చూస్తాను.

నేను బాటనీ చదవలేదు. పనికొస్తానా?

తప్పకుండా పనికొస్తారు. బాటనీ చదివినవాళ్లు ఒక్కోసారి కుటుంబం పేరు, ప్రజాతి పేరు చెప్పుకుంటూ పోతారు. వినేవాళ్లకు అది పరీక్ష హాలులా అనిపిస్తుంది. మీకు కావలసింది ఓ ఇరవై చెట్లతో గట్టి పరిచయం. ఆకు ఎలా ఉంటుంది, బెరడు ఎలా ఉంటుంది, ఎప్పుడు ఆకు రాలుస్తుంది, ఎప్పుడు పూస్తుంది, కాయలో ఏముంటుంది, ఏ దేశం నుంచి వచ్చింది, మన ఇళ్లల్లో దేనికి వాడతారు అనేవి తెలిసుంటే చాలు. ఇరవై చెట్లు బాగా తెలిస్తే రెండు గంటల నడకకు మించిపోతాయి.

పల్లెటూళ్లో పెరిగినవాళ్లకైతే సగం పని అయిపోయినట్టే. కానుగ పుల్లతో పళ్లు తోముకున్నవాళ్లు, రేల పూలు కోసుకున్నవాళ్లు, బూరుగు దూది దిండు మీద పడుకున్నవాళ్లు ఆ చెట్ల గురించి చెప్తే వినడానికి వేరే రుచి ఉంటుంది. దానికి శాస్త్రం కాస్త జోడించుకోవాలి. శాస్త్రీయ నామాలు నేర్చుకోండి కూడా. ఒకే చెట్టుకు రాయలసీమలో ఒక పేరు, కోస్తాలో ఒక పేరు, కన్నడలో మరో పేరు ఉంటుంది కాబట్టి, సందేహం వచ్చినప్పుడు తేల్చేది ఆ రెండు మాటల లాటిన్ పేరే. చాలా చెట్లకు తోటలోనే పలకలు కట్టి ఉంటాయి, చదువుకుంటూ తిరగండి.

కన్నడ సరిగా రాదు. ఇబ్బంది అవుతుందా?

తెలుగు సందర్శకులకు చూపించడానికి తెలుగు చాలు. చిత్తూరు, అనంతపురం, కర్నూలు వైపు నుంచి రోజూ జనం వస్తూనే ఉంటారు, బెంగళూరులో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ ఎక్కువే. కానీ ఇది కర్ణాటక తోట. తోటమాలులతో, సెక్యూరిటీ వాళ్లతో, ఆఫీసులో కన్నడలో నాలుగు మాటలు మాట్లాడగలగాలి. అది మర్యాద, పైగా లాభం కూడా. ఏ మూల ఏ చెట్టు ఈ వారం పూసిందో తోటమాలికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. ‘నమస్కార, ఈ మరద హెసరు ఏను?’ (నమస్కారం, ఈ చెట్టు పేరేంటి?) అని అడగడంతో మొదలుపెట్టండి. చెట్ల పేర్లు కూడా రెండు భాషల్లో పెట్టుకోండి. కానుగ అక్కడ హొంగె, రావి అరళి, మర్రి ఆల, మేడి అత్తి, రేల కక్కె. మీ గుంపులో ఒక కన్నడిగుడు కలిసినా ఈ పేర్లతో కలుపుకుపోవచ్చు.

మా అమ్మానాన్నలు రిటైరై మా దగ్గరే ఉంటున్నారు. వాళ్లు చేయగలరా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను చూస్తే నాకు చాలా సంతోషం. బెంగళూరు అపార్టుమెంట్లలో ఎంతోమంది పెద్దవాళ్లు పొద్దున పిల్లలు ఆఫీసుకెళ్లాక, మనవళ్లు స్కూలుకెళ్లాక, సాయంత్రం దాకా టీవీ ముందు గడుపుతున్నారు. వాళ్లలో మాస్టార్లు ఉన్నారు, వ్యవసాయం చేసినవాళ్లు ఉన్నారు, బ్యాంకుల్లో ముప్పై ఏళ్లు కౌంటర్లో జనంతో మాట్లాడినవాళ్లు ఉన్నారు. గైడ్‌కు కావలసిన ఓపిక, మాటతీరు వాళ్ల దగ్గర ముందే ఉంది.

మెట్రో గ్రీన్ లైనులో లాల్‌బాగ్ స్టేషన్ ఉంది, దిగితే పశ్చిమ ద్వారం దగ్గరే. మోకాళ్ల నొప్పులుంటే రాతిగుట్ట ఎక్కే భాగం వేరే గైడ్‌కు వదిలేసి, నేల చదునుగా ఉన్న దారుల్లో నడిపించొచ్చు. మొదటిసారి మీరు కూడా వెంట వెళ్లండి. ‘నాన్నా, నువ్వు చెప్పు, నేను వింటా’ అని గుంపులో నిలబడి వినండి. కూతురో కొడుకో శ్రద్ధగా వింటున్నారన్న ధైర్యం వాళ్లకు పెద్ద బలం.

అనుమతి కావాలా? ఎలా మొదలుపెట్టాలి?

లాల్‌బాగ్ కర్ణాటక ఉద్యాన శాఖ ఆధీనంలో ఉంటుంది. మీ బంధువులనో, పక్కింటివాళ్లనో నలుగురైదుగురిని తీసుకెళ్లి చూపించడానికి గేటు దగ్గర టికెట్ తీసుకుంటే చాలు. అంతకు మించి స్కూలు పిల్లలనో, పెద్ద గుంపునో తీసుకెళ్లాలన్నా, ప్రతి వారం నడక పెడతామని బయట ప్రకటించాలన్నా ముందుగా తోట ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి. ఎవరు, ఎంతమంది, ఏ రోజు, ఏ దారిలో అన్నది ఒక పేజీలో రాసి ఇవ్వండి. టికెట్ ధరలు, వేళలు గేటు దగ్గరి బోర్డు చూసి తెలుసుకోండి.

నా సలహా అయితే వెంటనే గైడ్‌గా నిలబడొద్దు. బెంగళూరులో చెట్ల నడకలు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల వెంట వెళ్లి గుంపు వెనకాల నడవండి. వెనకబడ్డ పెద్దవాళ్లకు తోడుండటం, తప్పిపోయే పిల్లల్ని కాయడం మీ పని అనుకోండి. ముందున్నవాళ్లు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ జనం విసుక్కుంటున్నారు అన్నది వెనక నుంచే బాగా కనిపిస్తుంది. తర్వాత మీ దారి మీరు గీసుకోండి, ఒంటరిగా రెండు మూడు సార్లు నడిచి చూడండి, చివరికి ఇంట్లోవాళ్లను తీసుకెళ్లి చెప్పి చూడండి.

చరిత్ర ఎంతవరకు తెలిసుండాలి?

వరుసగా నలుగురి కథ తెలిస్తే చాలు. 1760లో హైదర్ అలీ ఈ తోట మొదలుపెట్టాడు. కొడుకు టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించి పెంచాడు. 1799లో టిప్పు పోయాక తోట ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది, 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర తోట అయింది. ఆ తర్వాత లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దీన్ని చూసుకున్నారు. వాళ్లలో జాన్ కామెరాన్ కాలంలోనే గ్లాస్‌హౌస్ వచ్చింది. 1889లో ప్రిన్స్ ఆల్బర్ట్ విక్టర్ దానికి శంకుస్థాపన చేశాడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనాన్ని మనసులో పెట్టుకుని కట్టిన కట్టడం అది.

కామెరాన్ పేరు తెలుగువాళ్లకు చెప్పేటప్పుడు నేను బెంగళూరు వంకాయ కూడా తప్పకుండా చెప్తాను. మార్కెట్లో లేతాకుపచ్చగా, ముడతలు ముడతలుగా దొరికే ఆ కాయ అమెరికా ఖండానిది. ఆయన కాలంలో లాల్‌బాగ్ నుంచి ఈ చుట్టుపక్కలకు పాకిన కూరగాయల్లో అదొకటి. అందుకే మన ఊళ్లలో దాని పేరులో బెంగళూరు ఉండిపోయింది. పప్పులో వేసుకునే కాయ ఈ తోట గుండా వచ్చిందని తెలియగానే, అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న అత్తయ్యలు కూడా దగ్గరికి జరుగుతారు.

నాలుగో మనిషి గుస్టావ్ హెర్మన్ క్రుంబీగల్. జర్మన్. క్యూలో పనిచేసి, బరోడా సంస్థానం మీదుగా 1908లో బెంగళూరు వచ్చాడు. 1956లో ఇక్కడే కన్నుమూశాడు. బెంగళూరు వీధుల్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒకటి వాడేసరికి ఇంకొకటి అందుకునేలా చెట్లను ఎంచి నాటించాలన్న ఆలోచన ఆయనది. ఆయన తర్వాత హెచ్.సి. జవరాయ, ఎం.హెచ్. మరిగౌడ వంటి మనవాళ్లు తోట బాధ్యత తీసుకుని ఉద్యాన శాఖనే పెంచి పెద్ద చేశారు. ఇంగ్లీషువాళ్ల పేర్లతో ఆపేసే గైడ్‌లు ఉన్నారు, అది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. మరిగౌడ పేరు తప్పక చెప్పండి.

ఇన్ని సంవత్సరాలూ ఒకేచోట నిలబెట్టి చెప్పొద్దు. గ్లాస్‌హౌస్ దగ్గర కామెరాన్, పూసిన టబెబుయా చెట్టు కింద క్రుంబీగల్, అలా చోటుకొక మనిషిని పంచండి.

రాతిగుట్ట దగ్గర ఏం చెప్పాలి?

తోటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఎక్కువమంది గైడ్‌లు పైనున్న, బెంగళూరును స్థాపించిన కెంపేగౌడ పేరున్న గోపురం గురించి చెప్పి వదిలేస్తారు. అలాంటివే ఇంకా మూడు ఉన్నాయి: హలసూరు చెరువు దగ్గర, మేఖ్రీ సర్కిల్ దగ్గర, కెంపాంబుధి చెరువు దగ్గర. ఊరు ఈ నాలుగు గోపురాలను దాటి పెరగదని కెంపేగౌడల కాలంలో అనుకున్నారని చెబుతారు. ఇప్పుడు గుట్ట మీద నుంచి ఎటు చూసినా కనుచూపు మేర ఊరే. ఆ కథ చెప్పి ఒక నిమిషం ఊరుకోండి, చూసేవాళ్లు చూసుకుంటారు.

గోపురం కన్నా కింద ఉన్న రాయి ఎక్కువ ముఖ్యం. పెనిన్సులర్ నైస్ అనే ఈ రాతి వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రాతిలోని ఖనిజాలు చారలు చారలుగా సర్దుకున్నాయి. వంగి చూస్తే ముదురు, లేత రంగుల పట్టీలు కళ్లకు కనిపిస్తాయి. వాటి మీద వేలితో గీత గీసినట్టు నడిపించి చూపించండి.

300 కోట్లు అంటే ఎవరికీ అందదు. అందుకని పోల్చి చెప్పాలి. హిమాలయాలు పైకి లేవడం మొదలై దాదాపు 5 కోట్ల ఏళ్లు. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లు. నేల మీద మొదటి మొక్కలు మొలిచి సుమారు 47 కోట్ల ఏళ్లు. అంటే ఈ రాయి పుట్టినప్పుడు ప్రపంచంలో ఎక్కడా ఒక్క గడ్డిపోచ లేదు. పిల్లలకు ఈ మాట చెప్పి, చెప్పులు విడిచి రాతి మీద నిలబడమనండి. పొద్దున పూట మాత్రమే సుమా, మధ్యాహ్నం కాళ్లు కాలిపోతాయి.

మొదట ఏ చెట్లు నేర్చుకోవాలి?

తెల్ల బూరుగుతో మొదలుపెట్టండి. లాల్‌బాగ్‌లోని పాత తెల్ల బూరుగును చూడకుండా ఎవరూ వెళ్లకూడదు. మనిషిని మించిన ఎత్తులో గోడల్లా లేచిన వేళ్లు ఎందుకని అడగండి. పెద్ద చెట్టు లోతులేని పైపై నేలలో నిలబడాలంటే పక్కల నుంచి దన్ను కావాలి, ఆ పలక వేళ్లు ఇచ్చేది అదే. దాని కాయలో దొరికే మెత్తని దూది నీళ్లలో తేలుతుంది కాబట్టి ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో కూడా నింపేవారు. ఎర్ర పూలు పూసే మన బూరుగు వేరు అని గుర్తుంచుకోండి.

తర్వాత నాగలింగం, అశోకం, నిద్రగన్నేరు, పొగడ, తెల్లమద్ది, మర్రి, మేడి. మర్రి, రావి, మేడి, జువ్వి అన్నీ ఒకే కుటుంబం. కాయ కోసి చూపిస్తే లోపల సన్నని పూలు, కందిరీగ జాతి పురుగులు కనిపిస్తాయి. ఒక్కో రకం చెట్టుకు తనదైన చిన్న కందిరీగ ఉంటుంది, అది లోపల దూరితేనే పరాగసంపర్కం జరుగుతుంది. ‘మేడిపండు చూడ మేలిమై యుండు, పొట్ట విచ్చి చూడ పురుగులుండు’ అని చిన్నప్పుడు బట్టీ పట్టినవాళ్లకు, ఆ పురుగు లేకపోతే ఆ చెట్టు తరం ముందుకు సాగదని చెప్పి చూడండి. ముఖాలు మారిపోతాయి. కాయ చెట్టు నుంచి కోయొద్దు, కింద రాలినది చాలు.

తెలుగు గుంపులో అశోకం దగ్గర తప్పకుండా ఆగాలి. ఇళ్ల ముందు, స్కూళ్లలో పొడుగ్గా, ఆకులు కిందికి వేలాడుతూ ఉండే చెట్టును అందరూ అశోకమనే పిలుస్తారు. అది నరమామిడి. సీతమ్మవారిని కూర్చోబెట్టిన అశోకం వేరే, గుబురుగా పెరుగుతుంది, నారింజ, ఎరుపు కలిసిన గుత్తులు కొమ్మలకు అంటుకుని పూస్తాయి. రెండింటి ఆకులూ పక్కపక్కన పెట్టి చూపించండి. నరమామిడి ఆకు అంచు అలలు అలలుగా ఉంటుంది, ఒక్కొక్కటే వస్తుంది. అశోకానిది జంటలు జంటలుగా ఆకులు కూర్చుకున్న ఈనె. దాని లేతాకులు రాగి రంగులో గుత్తిగా వేలాడతాయి.

ఏ నెలలో ఏం పూస్తుంది?

వానలను బట్టి రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. మొత్తమ్మీద జనవరి నుంచి మార్చి దాకా గులాబీ రంగు టబెబుయాలు, ఫిబ్రవరి, మార్చిలో పసుపు రంగువి, మార్చి, ఏప్రిల్‌లో నీలిఊదా జాకరండా. మోదుగ శివరాత్రి ప్రాంతంలో. ఉగాదికి కానుగ లేతాకు వేసి మెరుస్తుంటుంది, వేప పూత కూడా అప్పుడే. ఏప్రిల్, మే నెలల్లో రేల, తురాయి, పచ్చ తురాయి. వానాకాలంలో పూలు తక్కువని కొందరు నడకలు ఆపేస్తారు. నాకైతే నాచు, పుట్టగొడుగులు, తడిసిన బెరడు రంగులు చూపించడానికి ఆగస్టు, సెప్టెంబరు మించిన కాలం లేదు.

సందర్శకులు నమ్మేది తప్పని తెలిస్తే ఏం చేయాలి?

నాగలింగం చెట్టు దగ్గర ఇది రోజూ జరుగుతుంది. ఆ పువ్వులో పడగ విప్పిన పాము కింద లింగం ఉన్నట్టు కనిపిస్తుంది, శివాలయాల్లో పూజకు వాడతారు. చేతులు జోడించే పెద్దమ్మకు ‘ఇది మన దేశపు చెట్టే కాదండీ’ అని మొదటి మాటగా చెప్పకండి. ముందు దణ్ణం పెట్టుకోనివ్వండి. తర్వాత పువ్వు కొమ్మల చివర కాకుండా మొదలు మీదే ఎందుకు పూస్తుందో చూపించి, ఇది దక్షిణ అమెరికా అడవుల నుంచి వచ్చి మన గుళ్లలో చోటు సంపాదించిందని చెప్పండి. తురాయి మడగాస్కర్‌ది, నిద్రగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఖండాలవి అని కలిపి చెబితే, ఒక్క తమ నమ్మకాన్నే వేలెత్తి చూపినట్టు వాళ్లకు అనిపించదు. పరాయి చెట్టు అన్న చిన్నచూపు కూడా రానివ్వకండి. మన మిరపకాయ కూడా అలా వచ్చిందే కదా.

చెట్ల వయసుల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ‘ఇది వెయ్యేళ్ల చెట్టు’ అని ఎవరో చెప్పింది మళ్లీ చెప్పొద్దు. చలిదేశాల చెట్లలోలా మన ఉష్ణమండలపు చెట్లు చాలావాటిలో ఏడాదికొక వలయం స్పష్టంగా పడదు. కాబట్టి నాటిన రికార్డు లేకపోతే వయసు అంచనాయే. ఇదీ అంతే, టిప్పు స్వయంగా నాటిన చెట్టు అంటూ ఎవరైనా దేన్నో చూపిస్తే, ‘అలా చెబుతారు’ అని చెప్పి ఊరుకోండి.

తెలియని ప్రశ్న అడిగితే?

‘తెలియదండీ, కనుక్కుని చెప్తాను’ అనండి. ఫొటో తీసుకోండి. కనుక్కుని నిజంగానే చెప్పండి. కల్పించి చెప్పిన ఒక్క జవాబు చాలు, మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా అనుమానంలో పడటానికి.

చిన్నపిల్లలను ఎలా కూర్చోబెట్టాలి?

కూర్చోబెట్టకండి. పని ఇవ్వండి. కింద రాలిన ఆకుల్లో ఐదు ఆకారాలు వెతకమనండి, చెట్టు చుట్టూ ఎంతమంది చేతులు కలిపితే సరిపోతుందో చూడమనండి, కళ్లు మూసుకుని రెండు బెరడులు తడిమి తేడా చెప్పమనండి. ఒక్క గైడ్‌కు పదిహేను మంది పిల్లలు మించొద్దు, టీచర్ తప్పకుండా వెంట ఉండాలి. చెరువు గట్టున మాత్రం మీ కళ్లు పిల్లల మీదే ఉండాలి, పక్షుల మీద కాదు. గూడబాతులు, నీటికాకులు ఎంత దగ్గరికి వచ్చినా సరే, పిల్లల్ని అంచు దాకా వెళ్లనివ్వొద్దు.

ఫ్లవర్ షో రోజుల్లో నడకలు పెట్టొచ్చా?

జనవరిలో గణతంత్ర దినోత్సవానికీ ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవానికీ గ్లాస్‌హౌస్‌లో ఫ్లవర్ షోలు జరుగుతాయి, లక్షల్లో జనం వస్తారు. ఆ రోజుల్లో నిదానంగా నడిపించడం సాధ్యం కాదు. దారి చూపడం, తప్పిపోయిన పిల్లలను సహాయ కేంద్రానికి చేర్చడం, మంచినీళ్లు ఎక్కడో చెప్పడం లాంటి పనులకు చేతులు కావాలి. తెలుగు మాట వినపడగానే ఊరి నుంచి వచ్చిన ముసలివాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ సాయం చిన్నది కాదు.

ప్రమాదాలు ఏమైనా ఉంటాయా?

ముఖ్యంగా తేనెటీగలు. పెద్ద చెట్ల మీద కొండ తేనెటీగల పట్లు ఉంటాయి. బయలుదేరే ముందే దారిలో తలెత్తి చూసుకోండి, పట్టు కింద గుంపును ఆపొద్దు, రాళ్లు విసరనివ్వొద్దు, పొగ పెట్టనివ్వొద్దు. లేచాయంటే నిలబడి చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తి ఏదైనా గదిలోకి దూరమనాలి. ఒళ్లంతా కుట్టినా, ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి. వేసవి వానలకు ముందు ఈదురుగాలి లేస్తే కొమ్మలు విరిగిపడతాయి. అప్పుడు నడక ఆపేసి చెట్ల కింద నుంచి బయటికి రండి, ఎంత దూరం నుంచి వచ్చిన గుంపైనా సరే. నాగలింగం కాయ ఫిరంగి గుండంత ఉంటుంది, ఆ చెట్టు మొదట్లో ఫొటోలకు నిలబెట్టొద్దు.

పూలు తెంపేవాళ్లను, రాతి మీద పేర్లు గీకేవాళ్లను ఏం చేయాలి?

మీ గుంపులోవాళ్లయితే నెమ్మదిగా, వెంటనే చెప్పండి. ‘అమ్మా, అది వద్దు, కింద రాలింది తీసుకుందాం’ అంటే సరిపోతుంది. బయటివాళ్లయితే ఒకసారి మర్యాదగా చెప్పి, వినకపోతే సెక్యూరిటీకి చెప్పండి. గొడవ పడకండి. కర్ణాటక ప్రభుత్వ ఉద్యానవనాల కోసం 1975లో చేసిన చట్టం ఉంది, అమలు చేయాల్సింది శాఖవాళ్లు. కొమ్మకు వేలాడి ఫొటోలు, చెట్టు బెరడు మీద గుండె బొమ్మలు, రాతి మీద పెయింటు, ఇవి చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. బెరడు కింది సన్నని పొర గుండానే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరుతుంది. చుట్టూ చెక్కేస్తే చెట్టు చచ్చిపోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు కుర్రాళ్లు చాకు జేబులో పెట్టేయడం చాలాసార్లు చూశాను. తిడితే మాత్రం ఎవరూ వినలేదు.

డబ్బులు ఇస్తే తీసుకోవచ్చా?

వద్దు. బలవంతంగా చేతిలో పెట్టబోతారు, ముఖ్యంగా పెద్దవాళ్లు. ‘మీ ఊళ్లో ఒక కానుగ మొక్క నాటించండి, అది చాలు’ అని చెప్పండి. డబ్బు తీసుకుని నడిపించాలనుకుంటే అది వేరే పని, దానికి శాఖ అనుమతి తీసుకుని ఆ పద్ధతిలో చేయాలి. రెండూ కలపొద్దు.

ఉద్యోగం చేస్తూ వీలవుతుందా?

నెలకు ఒక ఆదివారం ఉదయం చాలు. ఏడింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నరకల్లా అయిపోతుంది, ఎండ, రద్దీ రెండూ తప్పుతాయి. ప్రతివారం వస్తానని ఒప్పుకుని మూడో వారానికి మాయమయ్యేవాళ్లకన్నా నెలకొకసారి ఖాయంగా వచ్చేవాళ్లే కావాలి. రాలేనప్పుడు ముందు రోజే చెప్పండి. గేటు దగ్గర ఎదురుచూసేది చిత్తూరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన కుటుంబం కావచ్చు.

వెంట ఏం తీసుకెళ్లాలి?

నీళ్లసీసా, టోపీ, జారని చెప్పులు లేదా బూట్లు, పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం. మైకు వద్దు. పక్కన నడిచేవాళ్లకూ పక్షులకూ ఇబ్బంది. గొంతు వినపడనంత పెద్ద గుంపైతే రెండుగా విడగొట్టండి.

ఇంకా నేర్చుకోవాలంటే?

ఒక చెట్టును ఎంచుకుని ఏడాదంతా చూడండి. ప్రతి వారం ఒక ఫొటో, రెండు లైన్లు: లేతాకు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ. సీజన్‌వాచ్ అనే పౌరవిజ్ఞాన కార్యక్రమంలో దేశమంతటా మామూలు జనం ఇలాగే చెట్ల వివరాలు నమోదు చేస్తున్నారు, మీరూ చేరొచ్చు. వాతావరణం మారుతున్న కొద్దీ పూత కాలాలు ఎలా జరుగుతున్నాయో తెలుసుకోవడానికి ఆ లెక్కలు శాస్త్రవేత్తలకు పనికొస్తాయి. పక్షుల కోసం ఈబర్డ్ ఉంది. కబ్బన్ పార్కుకు కూడా వెళ్లి అవే జాతుల చెట్లు అక్కడ ఎలా పెరిగాయో పోల్చి చూడండి.

ఎంచుకోవాల్సిన చెట్టు ఏదని అడిగితే, కానుగ అంటాను. మాఘమాసంలో వచ్చి చూడటం మొదలుపెట్టండి. పాత ఆకులు రాలడం, కొమ్మలు బోసిపోవడం, రెండు వారాల్లో లేతాకు కమ్ముకోవడం, ఆ వెంటనే నేల మీద లేత ఊదారంగు పూలు చాప పరిచినట్టు రాలడం, అన్నీ ఉగాదికి అటూ ఇటూగా చూసేయొచ్చు.